సమాధుల రిజిస్టరులో లేని పేరు

చిక్కడపల్లి, హైదరాబాదు
22-1-1969

ప్రియమైన అన్నకు,

చెల్లెలు విమల వందనాలు. వదినకు కూడా చెప్పు.

క్షేమంగా చేరాను. క్షేమం అంటే ప్రాణం మిగిలిందని మాత్రమే. మొయినాబాదులో బస్సెక్కగానే పక్కనున్నామె కోళ్లగంప నా ఒళ్లో పెట్టి "జర పట్టుకో అక్కా" అని కునుకు తీసింది. మెహిదీపట్నం దాకా ఆ కోళ్ల బాగోగులన్నీ నేనే చూసుకున్నాను. దిగేటప్పుడు ఒక్క గుడ్డయినా చేతిలో పెట్టలేదు మహాతల్లి.

నీ గురువుగారి మనవడు ప్రభుదాసు నాకోసం నిలబడి ఉన్నాడు. రెండేళ్ల కింద కామెర్లు తగ్గాక గాలి మార్పుకని నీ ఇంట్లో ఎండాకాలమంతా ఉన్న ఆ పుల్లలాంటి పిల్లవాడేనా అనుకున్నాను. సర్కారు నౌకరి ఒంటికి పట్టింది. నన్ను "అమ్మా" అంటున్నాడు. ఇతనికీ తాత పేరే, నా పెద్దవాడికీ మనం గురువుగారి పేరే పెట్టుకున్నాం గదా, వాడు బతికుంటే ఇప్పుడు ఇదే వయసు. ఆ పేరున్న మగమనిషి అమ్మా అని పిలుస్తుంటే మొదటి రోజు నాకు అన్నం దిగలేదు. ఇప్పుడు అలవాటైంది. నిజం చెప్పాలంటే బాగుంది కూడా.

అతని భార్య సుగుణకు ఏడో నెల. తల్లి లేని పిల్ల. పురుడు పోసి పొమ్మని వాళ్ల ఆశ. నా చిన్నవాడు సాములుకు ప్రభుదాసు ఆఫీసులోనే ఒక కుర్చీ చూపించమని నా ఆశ. నీ దగ్గర దాచేదేముంది? మిషన్ బడి మూతపడి నా చేతిలో పని లేదు. వాడు బీఏ పాసై రెండేళ్లుగా చేవెళ్లకూ మొయినాబాదుకూ మధ్య చెప్పులు అరగదీస్తున్నాడు. ఈసారి వాడికి ఉద్యోగం చూడకుండా ఊరికి రాను. వాడి సర్టిఫికెట్లు పంపించు.

నిన్న చార్మినారు చూశాను. మెట్లెక్కి పైకి పోయేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. లాడ్‌బజారులో వదినకు గాజులు కొన్నాను, నీకు మాత్రం ఏమీ లేదు. ఇక్కడి నల్లాల్లో వచ్చేది మన గండిపేట నీళ్లే. "మా చెరువు నీళ్లు తాగుతూ మమ్మల్నే పల్లెటూరోళ్లు అంటారా?" అని సుగుణను ఆట పట్టించాను. పాపం, బిందె దించి నా మొహం చూసింది.

అన్నట్టు, ప్రభుదాసు ఒక మాటన్నాడు: "మీ అన్నయ్యగారు లేకపోతే నేను రోడ్డు మీద ఉండేవాణ్ణమ్మా." ఏం చేశాడని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. నువ్వు ఒక మంచి పని చేసి పదిమందికి చెప్పుకోకపోవడం నాకు తెలిసి ఇదే మొదటిసారి.

నీ చెల్లెలు,
విమల


ప్రొద్దుటూరు, చేవెళ్ల తాలూకా
3-2-1969

ప్రియమైన చెల్లెలు విమలకు,

దేవుని కృప నీకు తోడుండాలని నీ అన్న అబ్రహాము ప్రార్థన.

నీ ఉత్తరం అందింది. నేను ప్రభుదాసుకు చేసిందేమీ లేదు. గురువుగారు గుంటూరు నుంచి వచ్చి నాకు అక్షరం నేర్పి, ఈ సంఘానికి పంతులుగా నిలబెట్టారు. వారి మనవడు నా ఇంట్లో నాలుగు ముద్దలు తిన్నాడు, అంతే. ఆ పాత మాటలు అతన్ని అడగకు. సర్కారు నౌకరిలో ఉన్న మనిషి. అతని ఊరేది, పుట్టుక ఎక్కడ అని ఎవరు ఎత్తినా నువ్వు కలగజేసుకోకు.

సాములు సర్టిఫికెట్లు పంపడం లేదు. ఆ ఆఫీసు తప్ప ఇంకెక్కడైనా చూద్దాం. వాడు ఇప్పుడు ఉద్యోగం మాట ఎత్తితేనే మండిపడుతున్నాడు. పోయిన వారం చేవెళ్లలో పిల్లలతో కలిసి బడి మూయించి ఊరేగింపు తీశాడు. తెలంగాణ నౌకరీలన్నీ దొంగ కాగితాలవాళ్లు తింటున్నారని చావడి ముందు నిలబడి మాట్లాడాడు. వాడు మాట్లాడుతుంటే నేను వెనక నిలబడ్డాను. ముందుకు పోలేకపోయాను.

బస్సుల మీద రాళ్లు పడుతున్నాయి. పురుడు పోయడానికి దవాఖానలో నర్సులున్నారు. నువ్వు పది రోజుల్లో వచ్చేయి.

అబ్రహాము


చిక్కడపల్లి, హైదరాబాదు
26-2-1969

అన్నకు,

కోళ్ల సంగతి రాస్తే నవ్వుతావనుకున్నాను. నువ్వేమో ఠాణా నుంచి వచ్చిన నోటీసులాంటి ఉత్తరం రాశావు. పది రోజుల్లో ఎట్లా వస్తాను? బస్సులు ఒకరోజు నడిస్తే రెండు రోజులు లేవు.

ఊరు చల్లబడిన రోజున మమ్మల్ని తిప్పుతూనే ఉన్నాడు ప్రభుదాసు. సాలార్‌జంగు మ్యూజియం చూశాను. పన్నెండు కొట్టే ముందు జనమంతా ఒక గడియారం ముందు చేరి కళ్లార్పకుండా చూస్తున్నారు. ఇంత గడ్డమున్న బుల్లి మనిషి తలుపు తీసుకుని వచ్చి, గంట కొట్టి, మళ్లీ లోపలికి పోయాడు. అచ్చం నువ్వే అన్నా! నువ్వైతే గంట కొట్టాక ఆలస్యంగా వచ్చినవాళ్లను నాలుగు తిట్టి లోపలికి పోతావు, అదొక్కటే తేడా. జూలో పులిని చూద్దామని పోతే అది మాకు వీపు చూపించి పడుకుంది. సుగుణ అలిసిపోయి అక్కడే బెంచీ మీద కూలబడింది.

అసలు రాయాల్సింది నాటకం సంగతి. వాళ్ల ఆఫీసు నాటక సంఘం వాళ్లు రవీంద్రభారతిలో వేశారు. అంత మెత్తని కుర్చీలో నేను పుట్టి ఇన్నేళ్లలో కూర్చోలేదు. ఒక వకీలు ఇంటి కథ. అందరూ పుస్తకంలోలాగా మాట్లాడతారు, ఇంట్లో నౌకరు మల్లయ్య ఒక్కడే మనలాగా మాట్లాడతాడు. ఆ మల్లయ్య మన ప్రభుదాసే. వాడు నోరు తెరిస్తే హాలంతా ఒకటే నవ్వు. చెవి గోక్కుంటూ "గిదెక్కడి లొల్లిరా నాయనా" అంటాడు. అది నీ మాట అన్నా. ఆ చెవి గోక్కోవడం కూడా నీదే. నేను కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను.

అప్పుడు పక్క సీటులో పట్టుచీర కట్టుకున్నామె నావైపు వంగి "వీళ్లు నిజంగానే ఇలా మాట్లాడతారా అండీ?" అంది. ఏమని చెప్పను? నోరు తెరిస్తే ఆమెకు జవాబు దొరికిపోతుంది. తల ఊపి ఊరుకున్నాను. తర్వాత మల్లయ్య ఎన్నిసార్లు వచ్చినా నాకు నవ్వు రాలేదు. ఇరవై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, నా మాట నాకే సిగ్గనిపించింది. ఆ సిగ్గు మీద ఇంకా కోపం తగ్గలేదు.

ఇంటికొచ్చేటప్పుడు రిక్షాలో అడిగాను: "మా అన్న మాటలు భలే పట్టావు, ఎందుకు నాయనా అంత శ్రద్ధ?" "ఈ మాటలు రాకపోతే నాకు అన్నం లేదమ్మా" అన్నాడు. నాటకం సంగతేమో అనుకున్నాను.

కానీ అన్నా, మొన్న పేపర్లో నాన్ ముల్కీ ఉద్యోగులను వెనక్కి పంపుతారని వస్తే సుగుణ భయపడింది. అతను మాత్రం "మనకేం ఫికర్ లేదు, నేను ముల్కీనే" అన్నాడు. ఈ గడ్డ మీద పుట్టినవాడో, పదిహేనేళ్లు ఉన్నవాడో గదా ముల్కీ. గుంటూరులో పుట్టి పెరిగిన పిల్లవాడు ముల్కీ ఎట్లా అయ్యాడు?

ఇంకొకటి. రెండేళ్ల కింద మన సాములు ఇంటర్వ్యూకి పోయి, ముల్కీ పోస్టు ఒక్కటే ఉంది, అది ఇంకొకరికి ఇచ్చేశామని చెప్తే ఏడుపు మొహంతో తిరిగొచ్చాడే, అది ఈ ఆఫీసేనట. నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.

నువ్వు నాకు ఒక్క ముక్క రాయి. ఏం చేశావు?

విమల


ప్రొద్దుటూరు
7-4-1969

విమలకు,

నీ ఉత్తరానికి నాలుగుసార్లు జవాబు రాసి చింపేశాను. ఇది ఐదోది.

నిన్న ఈస్టరు. తెల్లవారకముందే అందరం కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు పోయాం. అంతకు ముందు శుక్రవారం సాములు వచ్చి గడ్డి పీకి శుభ్రం చేశాడు. ప్రతి ఏడులాగే ముందు నీ పెద్దవాడి చిన్న సమాధికే సున్నం వేశాడు. తాను చూడను కూడా చూడని అన్న గదా, అయినా వేసినప్పుడల్లా చేత్తో తడుముతాడు. "మామా, అన్న ఉంటే అమ్మ బరువు నా ఒక్కని మీద పడకపోవు" అన్నాడు. నేను కుంచె కడుగుతానని బావి దగ్గరికి పోయాను. వాడు పిలిచేదాకా రాలేదు.

ఈస్టరు అన్నం తిని వాడు పట్నం బయలుదేరాడు. పిల్లలంతా కలిసి ఆఫీసుల్లో ఉన్న దొంగ ముల్కీల జాబితా రాస్తున్నారట. ఒక్కొక్కరి పేరు, కాగితంలో పుట్టిన ఊరని ఏది చూపించారో అన్నీ సంపాదించారట. వాడికి ఇంకా ఆ జాబితా చేతికి రాలేదు. వస్తుంది.

నాకు భయంగా ఉంది విమలా. నువ్వు ఆ ఇల్లు వదిలి వచ్చేయి. ప్రభుదాసును సెలవు పెట్టి భార్యను తీసుకుని గుంటూరు పొమ్మను. ఎందుకని అడగకు. ముఖాముఖి చెప్తాను.

అబ్రహాము


చిక్కడపల్లి
9-5-1969

ప్రొద్దుటూరు సంఘం పంతులు అబ్రహాము గారికి,

సుగుణకు ఏప్రిల్ ఇరవై ఒకటిన ఆడపిల్ల పుట్టింది. కర్ఫ్యూలో దవాఖానకు పోయే దారి లేక నా చేతుల మీదే పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. అందుకే మీరు చెప్పినట్టు గుంటూరు పోలేకపోయారు.

మొన్న ఇంటి గోడ మీద ఎవరో బొగ్గుతో "దొంగ ముల్కీ" అని రాసి పోయారు. ప్రభుదాసు తుడవబోతే పక్కకు జరగమన్నాను. నేను తుడిచాను. లోపలికి వచ్చి ట్రంకు పెట్టెలోంచి ఒక కాగితం తీసి నా కాళ్ల దగ్గర పెట్టాడు. "నన్ను క్షమించండమ్మా, ఇది ఎవరిదో నాకు నిరుడే తెలిసింది" అన్నాడు.

బాప్తిస్మం రిజిస్టరు నకలు. పేరు ప్రభుదాసు. పుట్టినది 14-3-1943, ప్రొద్దుటూరు. బాప్తిస్మం 18-4-1943. కింద మీ చేతిరాత. తండ్రి పేరు ఒక్కటే మార్చారు. తల్లి పేరు మార్చడం మరిచిపోయారో, చెయ్యి ఆడలేదో, విమలమ్మ అనే ఉంది.

ఆ తేదీ నాకు ఇంకొకరు చదివి చెప్పాలా? ఆ రోజు నొప్పులు పడింది నేను. చొక్కా ఇచ్చినట్టు నా బిడ్డను తీసి ఎవరికో తొడుక్కోమని ఇచ్చావు. సాములు ఆశపడ్డ ఆ ఒక్క పోస్టు దీంతోనే వచ్చిందట, ప్రభుదాసే ఒప్పుకున్నాడు. పోయిన పెద్దవాడు లేచి వచ్చి చిన్నవాడి నోటికాడి కూడు లాక్కున్నట్టు చేశావు. నువ్వు మేనమామవా?

సమాధుల రిజిస్టరు ఏమైంది? అది తెరిస్తే దొరికిపోవా? అంత ధైర్యం ఎక్కడిది?

విమలమ్మ


ప్రొద్దుటూరు
16-5-1969

చెల్లెలా,

గారు అని రాశావు. సరే. నాకు తగిందే.

సమాధుల రిజిస్టరులో వాడి పేరు లేదు. దాచింది కాదు. నేను రాయనే లేదు.

పుట్టింటికని నువ్వు పిల్లవాణ్ణి తీసుకుని ఇక్కడికి వచ్చినప్పుడే గదా జ్వరం తగిలింది. బావ యోసేపు మొయినాబాదు నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. గుంట తవ్వింది నేను. పెట్టె కొట్టింది నేను. సాయంత్రం మేజా మీద రిజిస్టరు తెరిచి కలం సిరాలో ముంచాను. వాడికి సంవత్సరం నాలుగు నెలలు. పొద్దున లేస్తే నా గడ్డం పట్టుకుని గుంజేవాడు. వాడి పేరు ఆ పుస్తకంలో రాయడానికి నాకు చెయ్యి రాలేదు. రేపు రాద్దాం అనుకున్నాను. తరువాత చనిపోయినవాళ్లు కింది గీతలో చేరారు. వాడి గీత ఖాళీగానే ఉంది. పాస్టరు అయ్యగార్లు మారారు, ఎవరూ అడగలేదు. కాబట్టి మా పుస్తకాల ప్రకారం వాడు బతికే ఉన్నాడు. ఈ పిచ్చి నాకొక్కడికే తెలుసు. ఆదివారాలు ఆ రెండు పుస్తకాలూ బీరువాలో పెట్టి తాళం వేస్తూ, లోపల వాడు ఎదుగుతున్నాడని అనుకునేవాణ్ణి.

గురువుగారు మంచాన పడి ఉత్తరం రాశారు. మనవడికి పని దొరకడం లేదు, నీ ప్రాంతంలో ఏదైనా దారి చూపించు అని. ఆ కుర్రవాడు వచ్చాడు. అదే పేరు, అదే వయసు. ఎండాకాలమంతా నా వెంట తిరిగి మన మాట నేర్చుకున్నాడు. నకలు రాసి ఇచ్చాను. అయ్యగారు నన్ను నమ్మి చదవకుండానే సంతకం పెట్టారు. దాన్ని తాలూకా కచేరీలో చూపించి ముల్కీ కాగితం తీసుకున్నాడు. గురువుగారి కోసం చేశానని అనుకున్నాను. అది సగమే నిజం. మన ప్రభుదాసు ఎక్కడో ఒకచోట నౌకరి చేస్తున్నాడు, నెలనెలా జీతం తెచ్చుకుంటున్నాడు అని అనుకోవడం నాకు బాగుండేది. ఇది కూడా చెప్పాలి గదా.

సాములు అదే పోస్టుకు పోయాడని వాడు తిరిగొచ్చిన రోజు తెలిసింది. ఆ రోజు కూడా నోరు తెరవలేదు.

నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను.

అబ్రహాము


చిక్కడపల్లి
12-6-1969

అన్నా,

ఎట్లా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పోయిన మంగళవారం పొద్దున వీధిలో అరుపులు వినపడ్డాయి. ఇరవై మంది దాకా పిల్లలు. రాళ్లున్నాయి, ఒకని చేతిలో గాసునూనె డబ్బా ఉంది. ముందు నిలబడింది మన సాములు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. సుగుణ చంటిదాన్ని పొదివి పట్టుకుని వంటింటి మూలకు పోయింది. ప్రభుదాసు బయటికి పోతానంటే నేనే లోపలికి నెట్టి గడప మీద నిలబడ్డాను.

సాములు నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నేను ఉంటానని తెలిసే వచ్చాడు. చేతిలో జాబితా ఉంది. వెనక్కి తిరిగి వాళ్లతో అన్నాడు: "లొల్లి జెయ్యకుండ్రి. గీ ఇంట్ల మా అమ్మున్నది. మా అమ్మ జెప్పినంక ఇంకెవ్వల్ని అడిగే పని లేదు."

తరువాత నావైపు తిరిగాడు.

"అమ్మా, ప్రభుదాసు, పుట్టింది ప్రొద్దుటూరు అని రాసున్నది ఇండ్ల. నువ్వే జెప్పు. ఈయన మన ప్రొద్దుటూర్ల పుట్టిండా?"

వాడి కళ్లలో ఎంత నమ్మకం ఉందో చెప్పలేను. నేను ఇన్నాళ్లూ వాడి కోసం ఇక్కడ తిష్ఠ వేశాను. కాదు అని ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో వాడు గెలుస్తాడు. కానీ లోపల చంటిది ఏడుస్తోంది అన్నా. దాని బొడ్డు కోసిన చేతులివి. ఆ డబ్బా పట్టుకున్న పిల్లవాడు మూత తీస్తూనే ఉన్నాడు.

"పుట్టిండు," అన్నాను. "నేనే కన్న. గాయన నా పెద్ద కొడుకు."

సాములు నన్ను చూస్తూనే ఉన్నాడు. వాడు సున్నం వేసే సమాధి వాడికి తెలియదా? నా మొహం మీద ఉమ్మేసినా బాగుండేది. జాబితా మడిచి జేబులో పెట్టుకుని వాళ్లతో అన్నాడు: "మా అమ్మ అబద్ధమాడదు. పోదాం పాండ్రి."

పోతూ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

రెండు రోజులకు ఊరేగింపులో లాఠీచార్జీ అయింది. వాడి ఎడమచెయ్యి విరిగింది. పట్టుకుపోయి ముషీరాబాదు జైల్లో పెట్టారు. ఇక్కడికి దగ్గరే. అన్నం కట్టుకుని మూడుసార్లు పోయాను. గేటు దగ్గర జవాను లోపలికి పోయి వచ్చి, మూడుసార్లూ ఒకటే మాట చెప్పాడు: "మీ పేరు చెప్పిన్నమ్మా. నాకు అమ్మ లేదంటుండు."

నువ్వు పోయి చూడు. నిన్నైనా చూస్తాడేమో. వాడి దగ్గర ఏదీ దాచకు.

విమల


ముషీరాబాదు జైలు
30-6-1969

అమ్మకు,

సాముయేలు రాస్తున్నది. కుడిచెయ్యి మంచిగనే ఉన్నది, ఫికర్ జెయ్యకు. నీ బడిల నేర్పిన భాషల రాస్తలేను. మన మాటల్నే రాస్తున్న. గిది సదివి ఎవ్వలన్న నవ్వితె నవ్వనీ.

మామ వచ్చి అంత జెప్పిండు. ఏడ్చిండు. నాకు ఏడుపు రాలె.

ఆ దినం ఇంటిని కాలవెడ్తె నేను సుత ఆపేటోన్నే అమ్మా. చంటిపిల్ల ఉన్న ఇల్లు నేను కాలుస్తననుకున్నవా? నువ్వు కాదు అంటె ఆయన్ని కచేరికి తీస్కపోదుము, గంతే. నువ్వు నన్ను నమ్మలె. నీకు నా చేతిల రాయి కనవడ్డది, నేను కనవడలె.

ఏటేట గా సమాధికి సున్నమేసింది నేను. అన్న యాడున్నడో నాకు తెల్వదా? పదిమంది ముంగట మా అమ్మ అబద్ధమాడదని జెప్పిన. నేను నా దోస్తులతోని ఆడిన అబద్ధం గదొక్కటే.

మామ పుస్తకంల అన్న గీత ఖాళీగున్నదట. అండ్ల నా పేరు రాయించు. నీకు ఇద్దరు కొడుకులు. పెద్దోడు నౌకరి జేస్తుండు. చిన్నోడు పోయిండు. అందరికి సరిపోతది.

సాముయేలు


చిక్కడపల్లి
4-7-1969

అన్నా,

సాములు ఉత్తరం ఇందులో పెడుతున్నాను. చదువు.

వాడన్నది నిజం. నా కడుపున పుట్టినవాణ్ణి చూసి భయపడ్డాను.

నీ చేత నిజం రాయిస్తానని ప్రభుదాసుకు ముందుగా చెప్పాను. వెనక నుంచి చెయ్యడం నాకు ఇష్టం లేదు. అతను కోప్పడలేదు. "ఆ పేరు ఆఫీసులో పిలిచినప్పుడల్లా మీ పిల్లవాడు పలికినట్టుండేదమ్మా" అన్నాడు. తనే రాజీనామా రాసి తన చేత్తో ఇచ్చి వచ్చాడు. కేసు పెడితే పెట్టనీ అన్నాడు. సుగుణను బిడ్డతో మొన్న గుంటూరు రైలెక్కించాం. ఆమె నాతో మాట్లాడలేదు. చంటిదాన్ని మాత్రం ఒకసారి నా చేతికిచ్చి మళ్లీ తీసుకుంది.

నీ మీద కూడా వస్తుంది. పంతులు పని పోతుంది. జైలు కూడా రావచ్చు. తెలిసే చెప్తున్నాను.

రాయి అన్నా. వాడు పోయాడని రాయి. పోయినవాణ్ణి పోయినవాడని రాస్తేనే నాకు ఉన్నవాడు మిగులుతాడు.

విమల


ప్రొద్దుటూరు
13-7-1969, ఆదివారం

చెల్లెలు విమలకు,

ఈ ఉదయం ఆరాధన అయ్యాక అందరినీ కూర్చోమన్నాను. రెండు పుస్తకాలూ బల్ల మీద పెట్టి, నేను చేసింది దాచకుండా చెప్పాను. సంఘం పెద్దల్లో ఒకాయన లేచి బయటికి పోయాడు. మీ వదిన ధనమ్మ తలవంచుకుని కూర్చుంది. అయ్యగారు నన్ను పనిలోంచి తీసేశారు, అది న్యాయమే. తన సంతకం మీద ఎంత నమ్మకముండేదో చెప్పి కళ్లు తుడుచుకున్నారు. ఇకనుంచి గుడిగంట కొట్టమని తాడు మన సంఘంలోని మైసయ్యకు ఇచ్చాను. రేపు కచేరీకి పోయి అక్కడ కూడా ఇదే చెప్తాను. అటునుంచి ఇంటికి వస్తానో రానో తెలియదు.

నువ్వు చెప్పినట్టు వాడు పోయాడని రిజిస్టరులో రాశాను. అది పోయిన గురువారమే రాశాను. శుక్రవారం నకలు తీసుకుని సాములు దగ్గరికి పోయాను. ఊచల అవతల నిలబడి చదివాడు. రెండుసార్లు చదివాడు. ఎడమచేతికి కట్టు ఉంది, ఒక్క చేత్తోనే మడిచి జేబులో పెట్టుకున్నాడు. టైమైందని జవాను పిలిస్తే పోతూ పోతూ ఆగి "అమ్మ అన్నం తింటున్నదా మామా?" అని అడిగాడు.

తింటున్నదని చెప్పాను. వచ్చే శుక్రవారం నువ్వు పో.

ఇంకో నకలు నీకు పంపుతున్నాను. అక్షరాలు కుదరలేదు, ఏమనుకోకు.

అబ్రహాము

*

సమాధుల రిజిస్టరు, ప్రొద్దుటూరు సంఘం

పేరు: ప్రభుదాసు
తల్లిదండ్రులు: యోసేపు, విమలమ్మ, మొయినాబాదు
వయసు: ఒక సంవత్సరం నాలుగు నెలలు
మరణించిన తేదీ: 17-7-1944
కారణం: జ్వరం
సమాధి చేసినవారు: మేనమామ అబ్రహాము
రిజిస్టరులో రాసిన తేదీ: 10-7-1969
ఆలస్యానికి కారణం: చెయ్యి రాలేదు